ఆత్మాహుతి దాడులు ఎక్కడ మొదలయ్యాయి, మనిషి అంత పని ఎందుకు చేస్తాడు?

మీరు అడిగినవి రెండు. మానవ బాంబుగా మారేవాడికి పిచ్చా, మతోన్మాదమా, లేక తిండికి లేక ఇలా చేస్తాడా అన్నది ఒకటి. ఇది అసలు ఎప్పుడు, ఎవరు మొదలుపెట్టారన్నది రెండోది. ఒక తెలుగు పత్రికలో అంతర్జాతీయ వార్తల డెస్కులో చాలా ఏళ్లు పనిచేశాను, అందులో ఎక్కువ భాగం శ్రీలంక వార్తలతోనే గడిచింది, కాబట్టి తెలిసినంత మేరకు వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. పిచ్చి, మతం, పేదరికం అనే మూడు జవాబులూ సరిపోవు. ఏ దాడిని తీసుకున్నా ఒంటరిగా ఒక మనిషి తనంతట తాను చావాలనుకుని చేసినవి చాలా తక్కువ. మనిషిని ఎంచుకునేవాడు ఒకడుంటాడు, బాంబు తయారు చేసేవాడు మరొకడు, ఇల్లు అద్దెకు తీసుకునేవాడు, దారి చూపించేవాడు, తేదీ ఖరారు చేసేవాడు, డబ్బు పంపేవాడు, అది అయ్యాక పోస్టరు అచ్చు వేయించేవాడు... ఇంతమందిలో చచ్చేది ఒక్కడే. మనం మాత్రం ఆ ఒక్కడి మనసులో ఏముందో అని తలలు పట్టుకుంటాం, మిగతా పదిమంది సంగతి వదిలేస్తాం.

చావుకు తెగించి శత్రువు మీద పడటం కొత్త సంగతేమీ కాదు. కేరళలో భారతప్పుళ ఒడ్డున తిరునావాయలో పన్నెండేళ్లకోసారి మామాంకం అనే పెద్ద ఉత్సవం జరిగేది. దానికి వళ్లువనాడు నుంచి చావేర్లు అనే యోధులు వచ్చేవాళ్లు, తిరిగి ఇంటికి వెళ్లలేమని తెలిసే వచ్చేవాళ్లు. వేలమంది కాపలా మధ్య నుంచి నరుక్కుంటూ కోళిక్కోడ్ పాలకుడు సామూతిరి నిలబడ్డ వేదిక దాకా వెళ్లాలని ప్రయత్నించి అక్కడే పడిపోయేవాళ్లు. 18వ శతాబ్దం దాకా సాగింది ఇది. అంతకు చాలా ముందు, 1092లో, పర్షియాలో సెల్జుక్ సామ్రాజ్యపు వజీరు, అంటే ప్రధానమంత్రి, నిజాముల్ ముల్క్‌ను సూఫీ వేషంలో వచ్చిన ఒకడు కత్తితో పొడిచాడు, తప్పించుకోగలనన్న ఆశ లేకుండానే. కానీ వీళ్లందరి విషయంలో కత్తి పని కత్తి చేస్తుంది, చావు ఆ తర్వాత వచ్చేది. మనిషి చస్తేనే ఆయుధం పనిచేసే పద్ధతి పేలుడు పదార్థాలు వచ్చాకే సాధ్యమైంది.

అలాంటి వాటిలో బాగా నమోదైన తొలి ఘటన రష్యాలో, 1881 మార్చి 13న. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రెండో అలెగ్జాండర్ చక్రవర్తి బండి మీద 'నరోద్నయా వోల్యా' అనే రహస్య విప్లవ సంస్థ వాళ్లు బాంబు విసిరారు. బండి దెబ్బతింది, రాజుకు ఏమీ కాలేదు. ఆయన కిందికి దిగి గాయపడ్డవాళ్లను చూస్తుండగా ఇగ్నాసీ హ్రినెవీత్స్కీ అనే యువకుడు అతి దగ్గర నుంచి రెండో బాంబు వేశాడు. రాజూ పోయాడు, అతనూ పోయాడు. తాను బతకనని ముందే ఉత్తరం రాసిపెట్టి వెళ్లాడతను. అసలు విషాదం ఇంకోటి ఉంది. ప్రజా ప్రతినిధులను కాస్త పాలనలోకి తెచ్చే సంస్కరణల ప్రతిపాదనకు రాజు ఆ రోజు ఉదయమే ఒప్పుకున్నాడు. కొడుకు గద్దెనెక్కాక వాటిని చెత్తబుట్టలో వేసి ఉక్కుపాదం మోపాడు. చేసినవాళ్లు కోరుకున్నదానికీ వచ్చినదానికీ ఇంత దూరం ఉండటం ఈ చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఆత్మాహుతి పైలట్ల, అంటే కమికాజేల గురించి అందరికీ కొంత తెలుసు కాబట్టి ఒక్క విషయమే చెబుతాను. అది బుషిడో (సమురాయ్ యోధుల నీతి), వీరత్వం, చక్రవర్తి భక్తి అని కథలుగా చెబుతారు. వైస్ అడ్మిరల్ తకిజిరో ఒనిషి 1944 అక్టోబరులో ఫిలిప్పీన్స్‌లో ఆ దళాన్ని మొదలుపెట్టడానికి కారణం మాత్రం ఉత్త లెక్క. తర్ఫీదు పొందిన పైలట్లు అప్పటికే వందల్లో పోయారు, ఇంధనం అడుగంటింది, కొత్త కుర్రాళ్లకు గురిచూసి బాంబు వేయడం నేర్పేంత టైం లేదు. విమానాన్నే తీసుకెళ్లి ఓడకు గుద్దించడానికి అంత నైపుణ్యం అక్కర్లేదు. అక్టోబరు 25న 'సెయింట్ లో' అనే అమెరికా ఓడ మునగడంతో ఆ లెక్క సరైనదే అనిపించింది. యుద్ధం ముగిసేలోపు సుమారు 3,800 మంది పైలట్లు ఇలా పోయారు. వాళ్లలో చాలామంది చదువు మధ్యలో ఆపించి సైన్యంలోకి లాక్కొచ్చిన కాలేజీ విద్యార్థులు. పేరుకు స్వచ్ఛందమే, కానీ తోటివాళ్లంతా ఒక అడుగు ముందుకేస్తుంటే వెనక నిలబడిపోయే ధైర్యం ఇరవై ఏళ్ల పిల్లాడికి ఎక్కడి నుంచి వస్తుంది? ఇన్నిచేసినా ఒకినావా దీవి పోయింది, యుద్ధమూ పోయింది. లొంగుబాటు ప్రకటించిన మర్నాడు, 1945 ఆగస్టు 16న, ఒనిషి కడుపు చీల్చుకుని చనిపోయాడు. ఆ కుర్రాళ్ల ఆత్మలకూ వాళ్ల కుటుంబాలకూ క్షమాపణ చెబుతూ ఉత్తరం వదిలాడు. పంపినవాడు కూడా చావడం ఈ చరిత్రలో అరుదు.

మనం ఇవాళ టీవీలో చూసే రకం దాడి లెబనాన్‌లో రూపు దిద్దుకుంది. 1982 జూన్‌లో ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్‌లోకి వచ్చింది. నవంబరులో టైర్ పట్టణంలో దాని కార్యాలయం మీదికి పేలుడు పదార్థాలతో కారు దూసుకెళ్లింది. మరుసటి ఏడు అక్టోబరు 23న బీరూట్ ఎయిర్‌పోర్టు దగ్గర అమెరికా మెరీన్ల బ్యారక్‌లోకి లారీ దూసుకెళ్లి 241 మంది అమెరికన్ సైనికులను, అదే ఉదయం ఇంకో లారీ 58 మంది ఫ్రెంచి సైనికులను చంపాయి. నాలుగు నెలల్లో అమెరికా తన మెరీన్లను వెనక్కి రప్పించింది. ఆ వెనక్కి వెళ్లడమే ప్రపంచంలోని సాయుధ గ్రూపులన్నిటికీ పాఠమైంది. రెండు లారీలు, ఇద్దరు మనుషులు, ఒక అగ్రరాజ్యం తోక ముడిచింది, ఇంకేం కావాలి? ఇదంతా షియా మతగురువుల పనే అనుకుంటారు చాలామంది. ఆ తర్వాతి ఏళ్లలో అక్కడే సెక్యులర్ పార్టీలు, కమ్యూనిస్టులు కూడా ఇదే దారి పట్టారు. 1985 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ కాన్వాయ్ మీద కారుతో దాడి చేసి చనిపోయిన సనా మెహైద్లీకి పదహారేళ్లు. ఆమె సిరియన్ జాతీయవాద పార్టీ సభ్యురాలు. పోయే ముందు వీడియో తీశారు, అది టీవీలో వచ్చింది. ఆ వీడియో పద్ధతి అక్కడి నుంచి ఎన్ని దేశాలకు పాకిందో చూస్తూనే ఉన్నాం.

ఇక నాకు బాగా తెలిసిన శ్రీలంకకు వస్తాను, మీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడే దొరుకుతుంది.

1983 జులైలో కొలంబోలో తమిళుల మీద జరిగిన మారణకాండ తర్వాత వేలమంది తమిళ కుర్రాళ్లు సాయుధ గ్రూపుల్లో చేరారు. వాటిలో ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన ఎల్‌టీటీఈ (తమిళ పులులు) మిగతా తమిళ గ్రూపులను కూడా నిర్దాక్షిణ్యంగా తుడిచిపెట్టి తనొక్కటే మిగిలింది. 1987 వేసవిలో లంక సైన్యం వడమరాచ్చి ప్రాంతంలోకి చొచ్చుకొచ్చి నెల్లియడిలో ఒక బడిలో మకాం పెట్టింది. జులై 5న కెప్టెన్ మిల్లర్ అనే పేరున్న కుర్రాడు పేలుడు పదార్థాలు నింపిన లారీని ఆ బడిలోకి నడిపాడు. అక్కడి నుంచి బ్లాక్ టైగర్స్ అనే ప్రత్యేక దళం పుట్టింది. తర్వాత ప్రతి ఏటా జులై 5ను బ్లాక్ టైగర్స్ దినంగా జరిపేవాళ్లు. ఇరవై రెండేళ్లలో ఆ దళం నుంచి 300 మందికి పైగా చనిపోయారు, ఆడపిల్లలు కూడా చాలామంది ఉన్నారు వాళ్లలో.

ఈ దళంలో చేరడం ఎలా ఉండేదో చూడండి. అడిగిన ప్రతివాడినీ తీసుకునేవాళ్లు కాదు. చేరతానని నాయకుడికి అర్జీ పెట్టుకోవాలి, వాటిలోంచి ఏరుకునేవాళ్లు. నిలకడ లేనివాడు, దిగులుతో చావు వెతుక్కుంటూ వచ్చినవాడు వాళ్లకు పనికిరాడు, ఎందుకంటే అలాంటివాడు ఆఖరి నిమిషంలో పని చెడగొడతాడు, పట్టుబడితే అన్నీ చెప్పేస్తాడు. నెలల తరబడి శిక్షణ. బయలుదేరే ముందు ఎల్‌టీటీఈ అధినేత ప్రభాకరన్‌తో కలిసి భోజనం, ఫొటో. చనిపోయాక ఆ ఫొటోకు పూలదండ, నవంబరు 27 వీరుల దినాన దీపం, కుటుంబానికి ఊళ్లో ప్రత్యేక గౌరవం. తన చావుకు ఇంత విలువ కట్టే ఏర్పాటు కళ్లముందు ఉన్నప్పుడు, అన్న చనిపోయి, ఇల్లు కాలిపోయి, చదువు ఆగిపోయిన పద్దెనిమిదేళ్ల పిల్లకు ఆ అర్జీ పెట్టడం పిచ్చిపనిలా అనిపించదు. ఆ పిల్ల బాధ నిజమైనదే. దాన్ని పట్టుకుని ఆయుధంగా మలిచినవాళ్ల మీదే నాకు కోపం.

1991 మే 21 తెలుగువాళ్లు మర్చిపోలేని తేదీ. రాజీవ్ గాంధీ విశాఖలో ప్రచారం ముగించుకుని, విమానంలో చిన్న లోపం వస్తే కాస్త ఆలస్యంగా మద్రాసు వెళ్లారు, అక్కడి నుంచి కారులో శ్రీపెరుంబుదూరు. రాత్రి పది దాటాక గంధపు మాల పట్టుకుని ఒక అమ్మాయి దగ్గరికొచ్చింది, పాదాలకు నమస్కారం చేస్తున్నట్టు వంగింది. అంతే. ఆయనతోపాటు పదిహేను మంది దాకా పోయారు. మొత్తాన్ని ఫొటోలు తీయడానికి హంతకులే తెచ్చుకున్న ఫొటోగ్రాఫరు కూడా పేలుడులో చనిపోయాడు గానీ అతని కెమెరా చెక్కుచెదరలేదు. కేసు మొత్తం ఆ రీలు మీదే తెరుచుకుంది. మాల పట్టుకుని వరసలో నిలబడ్డ అమ్మాయి, పక్కన కుర్తా పైజమాలో జర్నలిస్టులా నిలబడ్డ, కుట్రను దగ్గరుండి నడిపిన శివరాసన్ ఆ ఫొటోల్లో స్పష్టంగా ఉన్నారు.

దర్యాప్తులో బయటపడ్డ ఒక్క సంగతి చాలు మీ ప్రశ్నకు. రెండు వారాల ముందు, మే 7న, వీళ్లు మద్రాసులోనే వీపీ సింగ్ సభకు వెళ్లి, నాయకుడి దగ్గరికి మాల పట్టుకుని ఎంత దాకా వెళ్లనిస్తారో చూసుకుని వచ్చారు. రిహార్సల్ అది. పగతో కళ్లు మూసుకుపోయినవాళ్లు రిహార్సల్ చేయరు. అద్దె ఇళ్లు, దొంగ పేర్లు, సముద్రం దాటించే పడవలు, వైర్‌లెస్‌లో జాఫ్నాకు సందేశాలు, ఇవన్నీ ఒక కార్యాలయం నడిపినట్టు నడిచాయి. కారణం కూడా రాజకీయ లెక్కే. రాజీవ్ ప్రధానిగా పంపిన మన శాంతిసేన 1987 నుంచి 1990 దాకా శ్రీలంకలో ఉంది, మనవాళ్లు దాదాపు 1,200 మంది పోయారు, తమిళ పౌరులూ చాలా బాధలు పడ్డారు. రాజీవ్ మళ్లీ గెలిస్తే సైన్యం మళ్లీ వస్తుందేమో అన్న భయంతోనే చేశారని ఈ కేసులో తేలింది.

దాని తర్వాత ఏమైంది? చేసింది మేమే అని ఎల్‌టీటీఈ ఒప్పుకోలేదు. యుద్ధరంగంలో చనిపోయిన బ్లాక్ టైగర్‌కు పేరు, ఫొటో, దీపం. శ్రీపెరుంబుదూరులో చనిపోయిన అమ్మాయికి అవేవీ బహిరంగంగా దక్కలేదు, ఎందుకంటే ఆమె పేరు చెబితే సంస్థకు నష్టం. ప్రాణం ఇచ్చినదానికి దక్కుతుందని చూపించిన గౌరవాన్ని అవసరం వచ్చినప్పుడు అలా ఎగ్గొట్టారు. 2006లో వాళ్ల ప్రతినిధి బాలసింగం అదొక మహా చారిత్రక విషాదం అని విచారం వెలిబుచ్చాడు, పదిహేనేళ్ల తర్వాత. ఈలోపు తమిళనాడులో వాళ్ల మీద ఉన్న సానుభూతి చాలావరకు పోయింది, 1992లో భారత్ నిషేధించింది. ఇక్కడ మన రాష్ట్రంలో ఆ రాత్రి, మర్నాడు ఏ సంబంధమూ లేని తెలుగుదేశం వాళ్ల ఇళ్లు, ఆస్తులు తగలబడ్డాయి. జనం కోపం ఎటుపడితే అటు పోవడం కూడా ఇలాంటి దాడులు చేసే పనే.

శ్రీలంక అధ్యక్షుడు ప్రేమదాస హత్య ఇంకో రకంగా వణికిస్తుంది. ఆయన్ను 1993 మేడే ర్యాలీలో చంపినవాడు అంతకుముందు చాలాకాలంగా అధ్యక్షుడి ఇంటి పనివాళ్లతో స్నేహం చేసి, రాకపోకలు సాగించి, వాళ్లలో ఒకడైపోయాడు. అందుకే ఆ రోజు సైకిల్ మీద వస్తుంటే ఎవరూ గట్టిగా ఆపలేదు. అన్నాళ్లు తిని, నవ్వి, కబుర్లు చెప్పి ఒక రోజు ఆ పని చేయించగల క్రమశిక్షణ వ్యక్తిలో పుట్టేది కాదు, సంస్థ నూరిపోసేది. 1996 జనవరిలో కొలంబోలో సెంట్రల్ బ్యాంకు మీదికి లారీ నడిపితే 91 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆఫీసులకు వచ్చిన మామూలు జనం. 1999 జులైలో నీలన్ తిరుచెల్వంను చంపారు. ఆయన తమిళుడు, రాజ్యాంగ నిపుణుడు, తమిళులకు అధికారాలు ఎలా పంచాలో ముసాయిదా రాస్తున్న మనిషి. తమిళుల కోసం పుట్టామన్న సంస్థ తమిళుల మేధావినే మానవ బాంబుతో చంపింది. పోటీగా ఇంకో తమిళ గొంతు ఉండకూడదన్నది అసలు ఉద్దేశం.

ఇప్పుడు మీ మూడు జవాబులు ఒక్కోటి చూద్దాం. పేదరికం అంటారా, 2019 ఈస్టర్ రోజున అదే కొలంబోలో పేల్చుకున్నవాళ్లలో కోటీశ్వరుడైన మసాలా వ్యాపారి కొడుకులు ఇద్దరున్నారు. సెప్టెంబరు 11 దాడుల్లో విమానం నడిపిన మొహమ్మద్ అట్టా జర్మనీలో పట్టణ ప్రణాళిక చదివాడు. పిచ్చి అంటారా, టెల్ అవీవ్ మనస్తత్వ శాస్త్రవేత్త ఏరియల్ మెరారీ బృందం జైల్లో ఉన్న విఫలమైన బాంబర్లతోనూ వాళ్లను పంపినవాళ్లతోనూ మాట్లాడింది. బాంబర్లలో చాలామంది ఎవరో ఒకరి మాట మీద ఆధారపడే రకం, కొందరిలో దిగులు లక్షణాలూ ఉన్నాయి. పంపినవాళ్లు మాత్రం గట్టి పిండాలు. నాకు ఈ తేడా చాలా ముఖ్యమైనది అనిపిస్తుంది.

మతం సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. చికాగో విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ రాబర్ట్ పేప్ 1980 నుంచి 2003 దాకా జరిగిన 315 దాడులను లెక్కతీసి, విదేశీ సైన్యం తమ నేల మీద ఉండటమే చాలావాటికి మూలం అన్నాడు. లెబనాన్‌కు బాగా సరిపోతుంది అది. పాలస్తీనాలోనూ 1990ల మధ్య ఇజ్రాయెల్‌తో శాంతి ఒప్పందం మీద ఆశ ఉన్నంతకాలం జనం ఈ దాడులను అంతగా మెచ్చలేదు, ఆశ పోయాక మద్దతు పెరిగింది. కానీ 2003 తర్వాత ఇరాక్‌లో బాంబులు పేలింది ఎక్కువగా షియాల బజార్లలో, మసీదుల్లో, చనిపోయింది ఇరాకీలే. బాంబర్లలో చాలామంది వేరే దేశాల నుంచి వచ్చారు. పాకిస్తాన్‌లోనూ చనిపోయింది ఎక్కువగా ఆ దేశం వాళ్లే. అక్కడ విదేశీ ఆక్రమణ సిద్ధాంతం ఒక్కటే పట్టుకుంటే కథ నడవదు. ఇస్లాంలో ఆత్మహత్య నిషిద్ధం, అందుకే దీన్ని ఆత్మహత్య కాదు షహాదత్, అంటే మతం కోసం ప్రాణత్యాగం అని ఒప్పించే మతపండితులను వెతుక్కోవాల్సి వచ్చింది ఈ సంస్థలకు. నా అభిప్రాయం ఏమిటంటే, మతం లేకుండానే ఈ ఆయుధం పుట్టింది, నడిచింది, కానీ మతం తోడయ్యాక ఎవరిని చంపొచ్చు, ఎంతమందిని చంపొచ్చు అన్న హద్దు చెరిగిపోయింది. దాన్ని కాదనడం నిజాయితీ అనిపించుకోదు.

అసలు ఉద్దేశమన్న మాటే వర్తించని చోట్లు కూడా ఉన్నాయి. నైజీరియాలో బోకో హరామ్ అనే ఉగ్రవాద సంస్థ ఎత్తుకెళ్లిన ఆడపిల్లల నడుముకు బాంబు కట్టి సంతలోకి పంపింది. 2017 ఒక్క ఏడాదిలోనే నైజీరియా, కామెరూన్‌లలో 135 మంది పిల్లలను ఇలా వాడారని యూనిసెఫ్ లెక్క చెప్పింది. కొందరు పిల్లలు దారిలో సైనికులను చూసి, సాయం అడిగి బతికి బయటపడ్డారు. ఆ వార్తల్లో వాళ్లను ఆత్మాహుతి బాంబర్లు అని రాస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. వాళ్లు హంతకులు కారు, హతులు.

ఇక ఆపడం కుదురుతుందా అన్న ప్రశ్న కూడా వస్తుంది. చావడానికి సిద్ధపడ్డవాడిని శిక్షతో భయపెట్టలేం, ఇజ్రాయెల్ పాలస్తీనా బాంబర్ల కుటుంబాల ఇళ్లు కూల్చింది, ఇంకోపక్క ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ అవే కుటుంబాలకు 25 వేల డాలర్లు పంపాడు, ఇళ్లు కూల్చడం వల్ల దాడులు ఆగాయని చెప్పలేం. పంపేవాళ్ల యంత్రాంగాన్ని, అంటే డబ్బు, అద్దె ఇళ్లు, బాంబు తయారీ, ఎంపిక చేసేవాళ్లను పట్టుకున్న చోట తగ్గాయి. జనం ఆ చావును గౌరవించడం మానేసిన చోట ఇంకా తగ్గాయి. శ్రీలంకలో 2009 మేలో ప్రభాకరన్ చనిపోయి సంస్థ నామరూపాలు లేకుండా పోయాక బ్లాక్ టైగర్ దాడి మళ్లీ జరగలేదు. తమిళుల కష్టాలు, కోపం అప్పుడేమీ తీరలేదు, ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. అయినా దాడులు ఆగాయంటే, కష్టం ఒక్కటే మనిషిని బాంబుగా మార్చదని అర్థమవుతోంది కదా. అయితే ఆ చివరి నెలల్లో ముళ్లివాయికాల్ దగ్గర వేలాది పౌరులు చనిపోయిన మూల్యంతో వచ్చింది ఆ ముగింపు, దాన్ని నమూనాగా చూపించడం నాకు చేతకాదు.

చివరగా మన హైదరాబాదు సంగతి, ఎందుకంటే చాలామందికి గుర్తులేదు. 2005 అక్టోబరు 12, దసరా రోజు సాయంత్రం, బేగంపేటలో పోలీసు టాస్క్‌ఫోర్స్ ఆఫీసులోకి ఒకడు వచ్చి తనను తాను పేల్చేసుకున్నాడు. డ్యూటీలో ఉన్న హోంగార్డు ఒకాయన చనిపోయారు, ఇంకొకాయన గాయపడ్డారు. పండగ వల్ల ఆఫీసులో జనం తక్కువగా ఉన్నారు కాబట్టి సరిపోయింది. పేలినవాడు బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాడని పోలీసులు చెప్పారు. అతనికి ఆశ్రయం ఇచ్చారని, కుట్ర చేశారని పది మందిని పట్టుకున్నారు, వాళ్లు ఏళ్ల తరబడి జైల్లో ఉన్నారు. 2017 ఆగస్టులో నాంపల్లి కోర్టు నేరం రుజువు కాలేదని ఆ పది మందినీ వదిలేసింది. అంటే పన్నెండేళ్ల తర్వాత కూడా, అతన్ని అక్కడికి ఎవరు పంపారో కోర్టులో తేలలేదు. ఆ హోంగార్డు కుటుంబానికీ, జైల్లో మగ్గిన ఆ పది మందికీ ఇద్దరికీ అన్యాయమే జరిగింది.